బేరాల నాటకంలో గురజాడ పనితనం

విజయనగరం మహారాజా ఆనంద గజపతి ఒక జాబితా రాయించారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కాలంలో, ఆడపిల్ల తండ్రికి డబ్బు ముట్టజెప్పి చేసుకున్న బ్రాహ్మణ వివాహాలెన్ని అన్నది లెక్క. ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ పైకి ఒప్పుకోని వ్యవహారం కాబట్టి ఆ లెక్క పూర్తిది కాదు. అయినా 1034 పెళ్ళిళ్ళు తేలాయి. ఏడాదికి సగటున 344. అందులో ఐదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44 మంది, మూడేళ్ళవాళ్ళు 36 మంది, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురికీ తలకు 350 నుంచి 400 రూపాయల దాకా పలికింది. కడుపులో ఉన్న బిడ్డకే బేరం కుదుర్చుకోవడం కూడా జరిగేదట. ఈ అంకెలు మన దాకా రావడానికి కారణం గురజాడ అప్పారావు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఆయన వీటిని భద్రం చేశారు.

కడుపుబ్బ నవ్వించే నాటకానికి ఇలాంటి పట్టికతో తలుపు తెరవడం మామూలు రచయిత చేసే పని కాదు. పసిపిల్లల వయసూ ధరా చూసి గుండె కలుక్కుమన్న పాఠకుణ్ణి తర్వాతి పేజీలో నవ్వించాలి. ఆ నవ్వు పూర్తయ్యేలోపే మళ్ళీ ఆ అంకెలు గుర్తుకు రావాలి. నాటకం పొడుగునా గురజాడ చేసింది ఇదే.

మహారాజా వారు జాబితాతో ఊరుకోలేదు. ఈ వ్యాపారాన్ని అరికట్టాలని మద్రాసు శాసన మండలిలో ఒక బిల్లు కూడా తెచ్చారు. అది చట్టం కాలేదు. జనానికి పుస్తకాలు చదివే అలవాటు పట్టుబడే దాకా మంచి చెడ్డలు వాళ్ళ కళ్ళ ముందు పెట్టగలిగేది రంగస్థలమేనని గురజాడ నమ్మారు. 1892లో విజయనగరంలో నాటకం ఆడారు. అంటే ఈ నాటకం పుట్టుకలోనే ఒక ప్రశ్న ఉంది. సంఘం మారేది దేనితో? శాసనంతోనా, సంస్కర్తల మాటతోనా, లేక బజారులో ధర మారితే తనంతట తానే మారుతుందా? నూరేళ్ళు దాటినా కన్యాశుల్కాన్ని మనం సంస్కరణ నాటకమనీ, హాస్య నాటకమనీ, వ్యావహారిక భాషా విజయమనీ పిలుస్తున్నాం. అన్నీ నిజమే. నన్ను మాత్రం మళ్ళీ మళ్ళీ దాని దగ్గరికి లాక్కెళ్ళేది ఈ ప్రశ్నను ఆయన కథ పోగుల్లోకి నేసిన తీరు.

ముందు ఆ బజారు ఎలా నడిచేదో చూడాలి. భార్య పోయిన మగవాడు ఎన్నిసార్లయినా పెళ్ళి చేసుకోవచ్చు. భర్త పోయిన ఆడదానికి రెండో పెళ్ళి లేదు. పిల్ల ఈడేరకముందే పెళ్ళి చేసెయ్యాలి. ఈ మూడు కట్టుబాట్లూ కలిస్తే ఏమవుతుంది? అరవయ్యేళ్ళ ముసలివాడు కూడా పెళ్ళికొడుకుల వరసలోకి వచ్చి నిలబడతాడు. పన్నెండేళ్ళకే వితంతువైన పిల్ల మాత్రం లెక్కలోంచి శాశ్వతంగా తప్పుకుంటుంది. అడిగేవాళ్ళు పెరిగి, పిల్లలు తగ్గి, ధర పైకి పాకుతుంది. ఎవరూ నియంత్రించని స్వేచ్ఛా విపణి అది. ధర కూడా గిరాకీని బట్టే నిక్కచ్చిగా పలికేది. ఆ గిరాకీని పుట్టించింది మాత్రం ఆచారం.

ఇందులో ఒక్క కట్టుబాటును సడలించడానికి చట్టం 1856లోనే వచ్చింది. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళి చెల్లుతుందని అది చెప్పింది. కానీ మళ్ళీ పెళ్ళాడితే మొదటి భర్త ఆస్తి మీద ఆమె హక్కు పోతుందని కూడా అదే చట్టం చెప్పింది. ఒక చేత్తో తలుపు తీసి, రెండో చేత్తో గుమ్మం దగ్గర సుంకం కట్టమంది. ఆ సుంకం కన్నా పెద్దది వెలి. తెలుగునాట తొలి వితంతు వివాహం రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న జరిగింది. చట్టానికీ ఆ పెళ్ళికీ మధ్య పాతికేళ్ళు గడిచాయి. ఆ పెళ్ళి చెయ్యడానికి వీరేశలింగం పంతులు గారు పురోహితుల్నీ వంటవాళ్ళనీ వెతుక్కోవలసి వచ్చింది, వెలివేసిన వాళ్ళకు నిలువ నీడ చూపించవలసి వచ్చింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చెయ్యకపోతే అంత దూరం నడిచేదా అన్నది అనుమానమే. చట్టం అనుమతి ఇచ్చింది. పొరుగింటివాడు బావి నీళ్ళు తోడుకోనివ్వడం చట్టం చేతిలో లేదు.

గురజాడకు ఇదంతా తెలుసు. సంస్థానంలో కొలువు, కాలేజీలో పాఠాలు, మహారాజా వారి సోదరి రీవా మహారాణి దగ్గర కార్యదర్శి పని, ఆనంద గజపతి పోయాక ఏళ్ళ తరబడి నడిచిన సంస్థానం వారసత్వ వ్యాజ్యం. దస్తావేజులు, వకీళ్ళు, సాక్షుల మధ్య బతికినవాడు ఆయన. కాబట్టే బేరాన్ని దూరం నుంచి తిట్టలేదు. దగ్గర కూర్చుని విన్నారు.

నాటకం తెరుచుకునేదే అప్పులతో. విజయనగరం బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఒంటరిగా నిలబడి తన లెక్కలు చూసుకుంటాడు. పూటకూళ్ళమ్మ సంత సామాను కోసం ఇచ్చిన ఇరవై రూపాయలు మధురవాణి అనే వేశ్య పేరు మీద ఖర్చయిపోయాయి. ఫోటో తీసినవాడికి బాకీ. ఊళ్ళో నిలవడం కష్టంగా ఉంది కాబట్టి శిష్యుడు వెంకటేశంతో పాటు కృష్ణరాయపురం అగ్రహారం చేరాలి. వెంకటేశం పరీక్ష తప్పాడు. ఆ సంగతి ఇంట్లో తెలియకుండా నెగ్గుకు రావడానికి వాడికి గురువు గారు కావాలి. గురువు గారికి భోజనం కావాలి. ప్రేక్షకుడు కుర్చీలో సర్దుకునేలోపే రచయిత రెండు బేరాలు కుదిర్చేశారు. పెళ్ళి మాట ఇంకా ఎత్తనే లేదు.

అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు ఇల్లు చూడండి. పెద్దకూతురు బుచ్చమ్మను డబ్బు పుచ్చుకుని ఇచ్చాడు. ఆమె వితంతువై పుట్టింటికొచ్చింది. ఇప్పుడు చిన్నకూతురు సుబ్బిని రామచంద్రపురం అగ్రహారంలోని ముసలి పిసినారి లుబ్ధావధాన్లుకు పద్ధెనిమిది వందలకు ఇవ్వడానికి మాట ఇచ్చాడు. అదే ఇంట్లో కొడుకు వెంకటేశానికి ఇంగ్లీషు చదువు. ఆ చదువుకయ్యే ఖర్చు తండ్రికి గుండెకోత, తల్లి వెంకమ్మకు కొండంత ఆశ. ఒకే చూరు కింద ఒక బిడ్డ మీద రాబడి, ఇంకో బిడ్డ మీద పెట్టుబడి. ఇక్కడ గురజాడ పాత్రల చేత ఒక్క సిద్ధాంతం కూడా మాట్లాడించరు. విస్తళ్ళ ముందు, కోపతాపాల మధ్య, పుస్తకాల డబ్బుల గొడవలో అదంతా దొర్లిపోతుంది. వెంకమ్మ అన్న కరటకశాస్త్రి ఈ పెళ్ళి తగదంటాడు. బావకు కోపం పొంగుతుంది. వెంకమ్మ నూతిలో పడుతుంది. తెలుగు ఇళ్ళలో ఆడదానికి చేతిలో డబ్బు లేనప్పుడు మిగిలే వాదం నుయ్యే. హాస్య నాటకంలో ఆ సన్నివేశాన్ని అంత తొందరగా, అంత నిక్కచ్చిగా పెట్టడానికి చాలా గుండె కావాలి.

ఈ ఇంటి బొమ్మలో నేను ముఖ్యమనుకునేది వెంకటేశం. వాణ్ణి మనం గిరీశం చుట్టతోనూ గొప్పలతోనూ కలిపి గుర్తుపెట్టుకుని నవ్వుకుంటాం. కానీ ఆ కుర్రాడు పరీక్ష ప్యాసై, ఏ కచేరీలోనో గుమస్తాగా కుదిరితే ఏమవుతుంది? ఆడపిల్లల తండ్రులు వాడి గుమ్మం ముందు వరస కడతారు. కన్యాశుల్కం పోయి వరకట్నం వచ్చింది ఈ దారినే. పిల్లల కొరత స్థానంలో చదువుకున్న ఉద్యోగస్తుడైన వరుడి కొరత వచ్చింది. ధర ఒక ఇంటి నుంచి ఎదురింటికి నడిచి వెళ్ళింది. ఏ చట్టమూ ఆ పని చెయ్యలేదు, ఏ ఉపన్యాసమూ చెయ్యలేదు. ఇంగ్లీషు బడీ సర్కారు ఉద్యోగమూ చేశాయి. కూతుర్ని అమ్మే తండ్రి పక్కనే, రేపు అమ్ముడయ్యే కొడుకును కూర్చోబెట్టిన నాటకం ఇది. రచయిత ఇంత దూరం ఆలోచించి పెట్టారా అంటే చెప్పలేను. ఉన్నదాన్ని ఉన్నట్టుగా చూస్తే రాబోయేది కూడా అందులో పడుతుంది.

ఇక కథ నడక. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, తక్కువ ధరకు దొరికే పిల్లగా లుబ్ధావధాన్లుకు అంటగడతాడు. మేనకోడల్ని కాపాడటానికి అతను ధర్మశాస్త్రం తిరగెయ్యడు, వీరేశలింగం పుస్తకం చూపించడు. పిసినారికి పిసినారితనాన్నే ఎరగా వేస్తాడు. చవకగా వస్తున్న సరుకును లుబ్ధావధాన్లు వదులుకోలేడు. బజారును బజారుతోనే ఓడించడం ఇది. దీన్ని రచయిత మెచ్చుకుంటూనే, దాని ఫలితాన్ని వదిలెయ్యరు. పెళ్ళికూతురు మాయమవుతుంది. ముసలివాడి మీద ఖూనీ కేసు పడుతుంది. మోసగాడు మోసపోయాడని మనం నవ్వుకుంటున్నప్పుడే, చెయ్యని హత్యకు ఒక మనిషి ఉరికంబం ఎక్కే ప్రమాదం వచ్చి నిలబడుతుంది. తెలివైన ఎత్తుకు కూడా ఎవరో ఒకరు వెల చెల్లించాలి. కథను సుబ్బి పెళ్ళి తప్పిన చోట ఆపి ఉంటే చక్కని ప్రహసనం అయ్యేది. అక్కడి నుంచి ముందుకు నడిపించడంలోనే గొప్ప నాటకం అయింది.

మధురవాణి కంటె సంగతి ఈ పనితనానికి మంచి నమూనా. మెడలో నగ అది. దొంగ పెళ్ళికూతురి కోసం రామప్ప పంతులు దాన్ని అరువు పట్టుకుపోతాడు. పిల్ల పారిపోయాక, కంటె తెచ్చేదాకా గడప తొక్కనివ్వనని మధురవాణి అతణ్ణి బయట నిలబెడుతుంది. ఒక్క నగతో మూడు పనులు జరిగాయి. పెళ్ళికి నిజం రంగు వచ్చింది. ఊళ్ళో పెద్దమనిషిగా చెలామణీ అయ్యే పంతులు పీక మీదికి వచ్చింది. మధురవాణి ఎవరి సొత్తూ కాదని, తన సొత్తు తనదేనని తేలింది. వస్తువు చేత కథ నడిపించడం తెలుగు నాటకంలో అంతకు ముందు ఇంత నైపుణ్యంగా ఎవరూ చేసినట్టు నాకు కనిపించదు.

ఇక్కడే ఈ నాటకం బజారును ఊరికే విలనుగా చూపించదన్న సంగతి గమనించాలి. కన్యాశుల్కంలో గొంతెత్తి మాట్లాడే ఆడవాళ్ళు ఇద్దరు, మధురవాణీ పూటకూళ్ళమ్మా. ఒకామె పూటకూళ్ళు పెట్టుకుని బతుకుతున్న వితంతువు. చీపురు పట్టుకుని గిరీశాన్ని వెతుక్కుంటూ వచ్చి, మంచం కింద దాక్కున్నవాళ్ళను చితకబాదగలదు. రెండో ఆమె వేశ్య. ఇద్దరికీ తమ సంపాదన ఉంది. వెంకమ్మకూ బుచ్చమ్మకూ అది లేదు. సుబ్బికి నాటకంలో చోటే చాలా తక్కువ. కుటుంబం లోపల ఉన్న స్త్రీకి వెల ఉంది, సొమ్ము లేదు. వెలుపల ఉన్న స్త్రీకి సొమ్ము ఉంది, మర్యాద లేదు. గురజాడ ఈ రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టి ఊరుకున్నారు. డబ్బు సంబంధం మనిషిని సరుకు చేస్తుందన్నది నిజం. చేతిలో నాలుగు డబ్బులున్న ఆడది మంచం కింద ఉన్నవాణ్ణి బయటికి లాగగలదన్నదీ నిజం. ఈ రెంటిలో ఏ ఒక్కదాన్ని దాచినా ఆ కాలపు ఆడవాళ్ళ బతుకు సగమే చెప్పినట్టవుతుంది.

సంస్కరణ సంగతి చూద్దాం. గిరీశం చేతిలో అది సరుకు. వితంతు వివాహాల మీద ఉపన్యాసం, బోగం మేళాల మీద ఉపన్యాసం, దేశం మీద ఉపన్యాసం, ఏ ఇంట్లో ఏది చెల్లుతుందో ఆ ఇంట్లో అది. అగ్నిహోత్రావధాన్లు దగ్గర ఇంగ్లీషు తెలిసిన వ్యాజ్యాల సలహాదారు. బుచ్చమ్మ దగ్గర వితంతువుల కన్నీళ్ళు తుడిచే మహానుభావుడు. ఆమెను లేచిపోవడానికి ఒప్పించేటప్పుడు అతను వాడే ఆయుధం చూడండి. అలా చేస్తే చెల్లెలు సుబ్బి పెళ్ళి తప్పిపోతుందంటాడు. తన సుఖం కోసం గడప దాటని పిల్ల చెల్లెలి కోసం దాటుతుంది. ఇందులో మోసం ఉంది, కొంచెం నిజమూ ఉంది. గిరీశం నోటి నుంచి వచ్చినా వితంతువుకు పెళ్ళి కావాలన్న మాట అబద్ధం కాదు. మంచి మాట చెడ్డవాడి చేతిలో పడినంత మాత్రాన చెడ్డది కాదన్న సంగతిని గురజాడ అంత సన్నగా, అంత జాగ్రత్తగా పట్టుకున్నారు. సంస్కరణను వెక్కిరించాడని ఆయన్ని తప్పుపట్టేవాళ్ళూ, గిరీశాన్ని ముద్దు చేసేవాళ్ళూ ఈ సన్నని దారాన్ని చూడటం లేదనిపిస్తుంది.

దారిలో బండివాడి ముచ్చట ఒకటి ఉంది. బండివాడికి తాను కాంగ్రెసు గురించి గంటల తరబడి ఉపన్యాసమిచ్చాననీ, అంతా విన్నాక ఆ కాంగ్రెసు తమ ఊరి హెడ్డు కనిష్టీబును ఎప్పుడు బదిలీ చేయిస్తుందని వాడు అడిగాడనీ గిరీశం చెబుతాడు. బండివాడి అమాయకత్వం మీద నవ్వు పుట్టించడానికి గిరీశం చెప్పిన ముచ్చట అది. నాకు ఆ బండివాడే నాటకంలో అందరికన్నా తెలివైన ప్రశ్న అడిగాడనిపిస్తుంది. చట్టం అతనికి కనపడేది హెడ్డు కనిష్టీబు రూపంలోనే. పెద్ద పెద్ద మాటలన్నీ ఆ మనిషి దగ్గర ఏమవుతాయన్నదే అతని కొలమానం. తర్వాతి అంకాల్లో ఖూనీ కేసు రాగానే పోలీసూ రామప్ప పంతులూ కలిసి ఆ కేసులో ఎంత పిండుకోవచ్చో చూసుకుంటారు. బండివాడి ప్రశ్నకు జవాబు అక్కడ వస్తుంది. ఎక్కడో విత్తు వేసి, ఎక్కడో కోత కోసి, రెంటి మధ్యా గీత గీసి చూపించకపోవడం గొప్ప రచయిత ఓపిక.

ఒక్కో బేరానికి ఒక్కో భాష. అవధాన్ల ఇళ్ళలో వైదిక బ్రాహ్మణ వాడుక. రామప్ప పంతులు నోట్లో కచేరీ మాటలు, దావాలూ దస్తావేజులూ. గిరీశానికి ఇంగ్లీషు. అర్థమయ్యేలా చెప్పడానికి కాదు, అర్థం కాకుండా ఉండి గౌరవం పుట్టించడానికి. మధురవాణి మాత్రం ఎదుటివాడి భాషను బట్టి తన మాట మారుస్తుంది, ఎవరి భాషలోనూ ఇరుక్కోదు. మాట్లాడే తెలుగు నాటకానికి పనికి రాదన్న వాదాన్ని గురజాడ ఇలా పని చేసి చూపించి కొట్టేశారు. బేరం గ్రాంథికంలో నడవదు కదా.

చివరి అంకాలు విశాఖపట్నంలో. లుబ్ధావధాన్లు కేసు ఒకపక్క, కూతుర్ని ఎత్తుకుపోయారని అగ్నిహోత్రావధాన్లు తెచ్చిన వ్యవహారం ఇంకోపక్క. ప్లీడర్లు, ప్రైవేటు వకీళ్ళు, సాక్షులు, ఫీజులు. అగ్రహారంలో పిల్లకు పలికినట్టే ఇక్కడ సాక్ష్యానికి ధర పలుకుతుంది. ఈ గుంపు మధ్య సౌజన్యారావు పంతులు ఒక్కడే డబ్బు కోసం పని చెయ్యని వకీలు. సంస్కరణ మీద నిజమైన నమ్మకం ఉన్నవాడు. బోగం వాళ్ళ గాలి సోకకూడదన్నది ఆయన నియమం.

మధురవాణి ఆయన ఇంటికి మగవేషంలో వస్తుంది. ఖూనీ జరగలేదని రుజువు చెయ్యగలిగిన సంగతి ఆమె దగ్గర ఉంది. అది చెప్పడానికి ఆమె అడిగే వెల ఒక ముద్దు. తెలుగు సాహిత్యంలో ఇంతకన్నా నేర్పుగా కట్టిన సన్నివేశం నాకు తెలియదు. ఒక పక్క ఆయన నియమం. ఇంకో పక్క ఒక నిరపరాధి ప్రాణం. ఇంతసేపూ నాటకంలో అందరికీ ధర కట్టి చూపించిన రచయిత ఇప్పుడు తనకు అందరికన్నా ఇష్టమైన మంచివాడి ముందు కూడా ధర చీటీ పెట్టారు. సౌజన్యారావు నలిగి నలిగి చివరికి ఒప్పుకుంటాడు. అంటే ఆయన నియమం కూడా బేరానికి వచ్చింది. కానీ ఎందుకు వచ్చింది? తన లాభం కోసం కాదు, మరొకడి ప్రాణం కోసం. నియమం నిలబెట్టుకుని ముసలివాణ్ణి ఉరికి వదిలేసి ఉంటే ఆయన ఇంకా పవిత్రుడయ్యేవాడేమో, ఇంకా మంచివాడయ్యేవాడు కాదు.

అప్పుడు మధురవాణి ఆ ముద్దు పుచ్చుకోదు. చెడనివాళ్ళను చెడగొట్టకూడదని తల్లికి ఇచ్చిన మాట ఉందంటుంది. సంగతి చెప్పేస్తుంది, వెల వదులుకుంటుంది. నాటకంలో అన్ని బేరాల మధ్యా వదులుకున్న బేరం ఇదొక్కటే నా కళ్ళకు నిండుగా కనిపిస్తుంది. అదీ ఎవరి చేతి నుంచి? ధర తీసుకోవడమే వృత్తిగా సంఘం నిర్ణయించిన మనిషి చేతి నుంచి. ఆమె నీతి ఆ ఇంట్లో నేర్చుకున్నది కాదు, తన తల్లి దగ్గర నుంచి వచ్చింది. సంస్కర్త ఆమెను ఉద్ధరించలేదు. ఆమే సంస్కర్తకు మనిషిని చూడటం నేర్పింది. సౌజన్యారావు ఆమెకు భగవద్గీత ఇస్తాడు. ఆ ఇద్దరిలో ఎవరు ఎవరికి ఎక్కువ ఇచ్చారో పాఠకుడికి విడమరిచి చెప్పనక్కర్లేదు.

బోగం మేళాలకు వ్యతిరేకంగా ఉద్యమం మద్రాసు రాజధానిలో ఊపందుకున్న రోజులవి. ఆ ఉద్యమంలో న్యాయం ఉంది. దాన్ని నడిపినవాళ్ళలో చాలామందికి ఆ స్త్రీల ముఖం చూసే ఓపిక లేకపోవడమూ ఉంది. దేవదాసీ పద్ధతిని రద్దు చేస్తూ మద్రాసు శాసనం వచ్చింది 1947లో. గురజాడ ఆ శాసనానికి ముప్పై ఎనిమిదేళ్ళ ముందే, 1909 కూర్పులోనే, శాసనం చెయ్యలేని పనిని మధురవాణి చేత చేయించారు. అదేమిటంటే, ఆమెను మనిషిగా నిలబెట్టడం.

గిరీశం గుట్టు బయటపడ్డాక బుచ్చమ్మ సంగతి ఏమిటి? ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని సౌజన్యారావు తేలుస్తాడు. ఈ ముగింపు చాలామందికి చప్పగా అనిపిస్తుంది. ప్రేమ లేదు, పెళ్ళి లేదు, ఊరుకాని ఊళ్ళో చదువు. నాకు మాత్రం ఇది రచయిత నిజాయితీ. ఆ రోజున తెలుగు ఊళ్ళలో ఒక యువ వితంతువు తన కాళ్ళ మీద నిలబడటానికి దగ్గర్లో చోటు లేదు. చట్టం పెళ్ళికి అనుమతి ఇచ్చింది, బజారు పూటకూళ్ళకు అనుమతి ఇచ్చింది. ఈ రెండూ కాని మూడో దారి ఎవరో కట్టి నిలబెట్టిన సంస్థలో మాత్రమే ఉంది, అదీ వందల మైళ్ళ దూరంలో. దగ్గర్లో ఉన్నట్టు కల్పించి చూపెట్టడం తేలిక. గురజాడ ఆ తేలిక దారి పట్టలేదు.

తర్వాత ఏం జరిగిందో మనకు తెలుసు. ఆ రోజుల్లోనే మద్రాసు హైకోర్టు, కూతుర్ని ఇచ్చినందుకు తండ్రికి సొమ్ము చెల్లిస్తానన్న ఒప్పందం ప్రజానీతికి విరుద్ధం, చెల్లదు అంది. ముందుగానే చేతిలో పడే రొక్కానికి కోర్టుతో పనేముంది? 1929 శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళి వయసు 14 అంది. చట్టాల కన్నా ముందే ధర దిశ మార్చుకుంది. 1921కి వచ్చేసరికి కాళ్ళకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ రాయవలసి వచ్చింది. అందులో కాళింది కట్నం కోసం తండ్రి పొలం అమ్ముకోవడం చూడలేక ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల, డబ్బిచ్చి కొన్న వరుడు కాబట్టి అతనే తన ఇంటికి రావాలంటుంది. రెండు నాటకాల మధ్య ముప్పై ఏళ్ళు కూడా లేవు. అమ్మకం పోలేదు, అమ్ముడయ్యేవాళ్ళు మారారు. బజారు తెచ్చిన మార్పు చట్టం కన్నా ఎంత వేగంగా వస్తుందో, ఎటు వెళ్తుందో దానికే తెలియకుండా ఎలా వస్తుందో చూడాలంటే ఈ రెండు పుస్తకాలూ ఒకదాని తర్వాత ఒకటి చదవాలి. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. దేశమంతటికీ అది 2005 దాకా రాలేదు. వీటి వల్ల కట్నం ఆగలేదని తేలిగ్గా తీసిపారెయ్యడం నాకు ఇష్టం లేదు. కోర్టు మెట్లు ఎక్కిన కూతురికి చేతిలో కాగితం ఉండటం చిన్న విషయం కాదు. బుచ్చమ్మ చేతిలో ఆ కాగితం లేదు.

కొత్తగా చదవబోయేవాళ్ళకు ఒక మాట. 1897 నాటి ఐదంకాల కూర్పు చదివినా చదవకపోయినా, 1909 నాటి ఏడంకాల కూర్పు మొత్తంగా చదవండి, వీలైతే పైకి చదవండి. రాత కన్నా గొంతులోనే ఆ బేరాలు బాగా వినిపిస్తాయి. మొత్తం నాటకం ఆడటానికి ఒక సాయంత్రం సరిపోదు కాబట్టి ఆడేవాళ్ళు కత్తిరించక తప్పదు. కత్తిరించేటప్పుడు కత్తెర ముందుగా వెళ్ళేది విశాఖపట్నం వకీళ్ళ మీదికే. కథ నడవదనీ, నవ్వు తక్కువనీ అంటారు. ఆ ఫీజులూ, సాక్షుల బేరాలూ, అబద్ధాల పోటీలూ ముందు గంటసేపు విన్న ప్రేక్షకుడికే మధురవాణి వదులుకున్నది ఎంతో తెలుస్తుంది. అవి తీసేస్తే ఆ రాత్రి సన్నివేశం చక్కని సరస సంభాషణగా మిగులుతుంది. బోగం మేళాల సరదాలు తగ్గించండి, మంచం కింద తమాషా తగ్గించండి, వకీళ్ళను మాత్రం ఉంచండి.